ఫైల్లో పదమూడో బావి

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. హాస్టల్లో చదివే రోజుల్లో బాత్‌రూమ్‌లో ఏదో ఉందని ఆడపిల్లలంతా ఒకే గదిలో ముడుచుకుంటే, నేనొక్కదాన్నే వెళ్లి కారుతున్న పంపు కట్టేసి వచ్చాను. అలాంటిదాన్ని నేనే ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు వైపు. భూగర్భజలాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్ రద్దీ పడలేక కర్మన్‌ఘాట్‌లో రూతమ్మ గారి మేడ మీద గది తీసుకున్నాను. ఆవిడ ఆసుపత్రిలో ఆయా.

పన్నెండు బావుల్లో నీటిమట్టం కొలిచే పరికరాలు పెట్టాను. ఆ కొలతలన్నిటినీ హెచ్‌డీఎఫ్5 అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీతో ఒకే ఫైల్లో దాస్తాను. బీరువాలో అరలు, అరల్లో డబ్బాలు ఉన్నట్టే అనుకోండి. ఫైల్ లోపల మండలానికో గ్రూపు, అందులో బావికో గ్రూపు, దానిలో రోజువారీ కొలతలు.

మొన్న ఎండాకాలం ఒక శుక్రవారం మధ్యాహ్నం, ప్రోగ్రామ్ ఆ ఫైల్లో రాస్తుండగా కరెంటు పోయింది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కరెంటు వచ్చాక చూస్తే ఫైల్ తెరుచుకోలేదు. దాచుకున్న కాపీ నాలుగు నెలల కిందటిది. పరికరాల్లోని మెమరీ అప్పటికే చెరిపేశాను. సోమవారం గైడ్‌కి ఫలితాలు చూపించాలి.

ఇలాంటప్పుడు ఫైల్‌ని బాగుచేసే కమాండ్ ఒకటుంది. రెండుసార్లు కొట్టాను. రెండుసార్లూ అదే ఎర్రర్. పైకొచ్చి ఆరేసిన బట్టలు తీసుకెళ్తున్న రూతమ్మ గారు నన్ను చూసి ఆగిపోయారు.

“ఏందే బిడ్డా, గట్ల కూసున్నవ్? ఇంట్ల అందరు మంచిగున్నరా?”

“అందరూ బానే ఉన్నారాంటీ. నా ఫైలే పోయింది.”

“నీళ్ల బావులదా? జర జరుగు.”

బట్టలు మంచం మీద పడేసి, ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి, రెండు నిమిషాలు ప్రార్థన చేశారు. ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. కళ్లు తెరిచి, “ఇప్పుడు కొట్టు” అన్నారు.

కొట్టాను. తెరుచుకుంది.

అంతవరకు నేను వింత అనను. కానీ బావులు పదమూడు ఉన్నాయి. పదమూడో గ్రూపు పేరు, ఇంగ్లిష్ అక్షరాల్లో, ‘సాలోళ్ల బావి’. లోపల ఆ రోజు తేదీతో ఒకే ఒక్క కొలత: నేల నుంచి నీళ్లదాకా ఆరు పాయింట్ నాలుగు మీటర్లు.

ఆ పేరు పైకి చదవగానే రూతమ్మ గారు మంచం మీద కూలబడ్డారు.

“గా బావి మా తల్లిగారి ఊర్లది. నా చిన్నప్పుడే ఎండిపోతే బండలు కప్పిండ్రు. నీకెవ్వలు చెప్పిండ్రే?”

ఎవరూ చెప్పలేదు. నా కోడ్ అంతా వెతికాను, ఆ పేరు లేదు. పాత కాపీలోనూ లేదు. ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెలీదు.

ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం ఎల్బీ నగర్‌లో బస్సెక్కి ఆ ఊరెళ్లాం. సంగతి విని ఆవిడ తమ్ముడు యాకోబు పగలబడి నవ్వాడు. అయినా గడ్డపార తెచ్చి ఒక బండ జరిపాడు. నేను టేపు దింపాను. కొస తడిసింది. ఆరు పాయింట్ నాలుగు. ఆయన టేపు లాక్కుని తనే మళ్లీ దింపాడు. అంతే వచ్చింది.

“అక్కా, నీళ్లున్నయే!” అని ఆయన పెట్టిన కేకకి వీధి వీధంతా వచ్చింది. కోడికూర తినిపించి గానీ మమ్మల్ని పంపలేదు. ఇప్పుడు ఆ నీళ్లతోనే యాకోబు వంకాయలు, బెండకాయలు పండిస్తున్నాడు.

రూతమ్మ గారికి ఇందులో అర్థం కానిదేమీ లేదు. “ప్రభువు చూపిచ్చిండు, అయిపాయె” అంటారు. నాకు అంత తేలిగ్గా లేదు. థీసిస్‌లో ప్రతి కొలతా ఎలా వచ్చిందో రాయాలి. పన్నెండు బావులకి పేజీన్నర రాశాను. పదమూడో దాని గురించి మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ కొట్టేశాను.