నేను వెళ్లని మధురానగర్ గది

పోయిన మంగళవారం ఎర్రగడ్డ నుంచి ఒకావిడ ఫోను చేసింది. "సార్ పొద్దుగాల పోయిండు. మస్తు లేపినం, లేవలే. ఆయన కాయితాలల్ల మీ నంబరే దొరికింది" అన్నది. ఆవిడ చెబుతున్నది నాకు న్యాయశాస్త్రం నేర్పిన గురువు గురించి. ఆయన మధురానగర్ గది విడిచి ఆవిడ ఇంట్లో అద్దెకు దిగిన సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది.

అమీర్‌పేటలో ప్రతి మెట్లదారీ ఏదో ఒక కంప్యూటర్ కోర్సు గదికి చేరే రోజుల్లో, మైత్రీవనం వెనక ఒక మేడమీద సారు మాకు సాయంత్రాలు పాఠం చెప్పేవారు. జావా క్లాసనుకొని తలుపు తీసినవాళ్లను కూడా "కూర్చోండి బాబూ, ఇదీ పనికొస్తుంది" అనేవారు. సివిల్, క్రిమినల్, రాజ్యాంగం, ఒప్పందాలు అంటూ నేను ఒక్కో చట్టానికి ఒక్కో రంగు నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఆయన చూసి నవ్వారు. "అట్టలు బాగున్నాయయ్యా. మనుషుల కష్టాలు మాత్రం ఇలా రంగులవారీగా రావు."

ఒక శనివారం పంజాగుట్ట చౌరస్తా దగ్గర మేం టీ తాగుతుండగా ఒక స్కూటరు బత్తాయిల బండిని గుద్దింది. "ఇది ఏ చట్టం?" అని సారు అడిగారు. నిర్లక్ష్యంగా నడపడం నేరమని ఒకరు, నష్టపరిహారం సివిల్ వ్యవహారమని నేను, బీమా ఉంటే ఒప్పందం కిందికి వస్తుందని ఇంకొకరు వాదించుకున్నాం. బండి ఆవిడకు ఒళ్లు మండింది.

"మీ చట్టాలు సల్లగుండ! జర గా పండ్లన్న ఏరున్రి, బస్సొస్తున్నది!"

మాకంటే ముందు సారే వంగారు. బత్తాయిలన్నీ బండికెక్కాక, "మీ ముగ్గురి జవాబూ సరైనదే. ఒక్క సంఘటనలో మూడు చట్టాలూ ఉన్నాయి. ఆవిడకు ఇప్పుడేం కావాలో మాత్రం ఎవరూ అడగలేదు" అన్నారు.

ఆ పాఠంలో నేను మొదటి సగమే నేర్చుకున్నాను. సాఫ్ట్‌వేర్ కంపెనీల ఒప్పందాలు రాయడంలో నిపుణుడినయ్యాను. ఏడాది క్రితం సారు ఫోను చేశారు.

"ఏమయ్యా, బాగున్నావా? మా ఇంటాయన బిల్డింగు మొత్తం హాస్టల్ చేస్తాడట. ఖాళీ చేయమని నోటీసిచ్చాడు. ఒకసారి వచ్చి పోతావా?"

"అద్దె వ్యవహారాలు నా విభాగం కాదు సార్. ఆ పని బాగా చేసే లాయరు గారి నంబరు ఇస్తానండి."

"అలాగేనయ్యా. చెప్పు, రాసుకుంటాను." ఒక్కో అంకెనూ తిరిగి చదివి వినిపించారు. అమీర్‌పేటలోని నా ఆఫీసు నుంచి ఆ గదికి నడిస్తే పది నిమిషాలు కూడా పట్టదు.

అంత్యక్రియలయ్యాక ఎర్రగడ్డ ఇంటి యజమానురాలు ఒక ఫైలు నా చేతిలో పెట్టింది. "గా పెద్ద లాయరు మీరేనా సార్? నా స్టూడెంటని మస్తు చెప్తుండె."

అందులో ఆ నోటీసు, దానికి సారు సొంత దస్తూరితో రాసిన జవాబు ఉన్నాయి. కోర్టు ఉత్తర్వు లేకుండా ఖాళీ చేయించడం చెల్లదని నాలుగే వాక్యాల్లో, ఒక్క మాటైనా మార్చనక్కర్లేకుండా రాశారు. ఆయన ఎన్నడూ న్యాయవాదిగా నమోదు కాలేదు, జీవితమంతా పాఠాలే చెప్పారు. చట్టం నాకంటే బాగా తెలిసిన మనిషి. పక్కన నిలబడడానికి ఒకరు కావలసివచ్చారు, అంతే.

జవాబు చివర "అద్దెదారు తరఫు న్యాయవాది" అని ఉంది. దాని కింద ఇంటిపేరుతో సహా నా పూర్తి పేరు. పైన సంతకం కోసం రెండు వేళ్ల చోటు వదిలి ఉంచారు.