బాబాయి చూసుకోమన్న నీళ్ళ ధార

పోయిన సోమవారం పొద్దున ఇడ్లీ రేకుల్లో పిండి పోస్తుండగా ఫోను మోగింది. మాచర్ల నుంచి బాబాయి కూతురు. "అక్కా, నాన్న ఇక లేడు" అని ఒక్క మాట చెప్పి ఏడ్చేసింది. పొయ్యి ఆపి, వాకిట్లో వల బాగుచేసుకుంటున్న మా ఆయనకి చెప్పాను. ఆయన చేతిలో దారం అలాగే పట్టుకుని, "ఇంజను ఆగిపోతే ఇంక ఎవరికి ఫోను చేస్తావే?" అన్నారు.

మా ఇద్దరికీ బాబాయి చుట్టం కాదు. సాగర్ ఒడ్డున విజయపురి సౌత్‌లో మా వీధి చివరి ఇల్లు ఆయనది. లాంచీల మీద మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక, రేవుకి పోయే దారిలో రేకుల షెడ్డు వేసుకుని చేపల పడవల ఇంజన్లు బాగుచేసేవారు. నేను బాబాయ్ అనేదాన్ని. అందుకని మా ఆయన మామా అనేవారు, ఆయన అల్లుడూ అని పిలిచేవారు. నేను బొల్లాపల్లి వైపు మెట్ట ఊళ్ళో పుట్టినదాన్ని. బోరు మోటారు తప్ప మరో మోటారు ఎరగను. అలాంటి నాకు పడవ ఇంజను గురించి ఈ మాత్రం తెలిసిందంటే అది బాబాయి వల్లే.

ఎవరైనా ఇంజను తేగానే ఆయన పానా పట్టేవారు కాదు. నీళ్ళు నింపిన నీలం డ్రమ్ములో దాన్ని దించి, తాడు లాగి, పొడవాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజనుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. అప్పుడు ఎవరు మాట్లాడినా ఊరుకునేవారు కాదు. "అది చెబుతుంటే మధ్యలో మీరేందిరా?" అని కసిరేవారు. నడుస్తున్న ఇంజను పక్కనుంచి సన్నగా నీళ్ళ ధార పడుతుంది. లోపల చల్లబరిచి బయటికొచ్చే నీళ్ళవి. అందరికీ దాన్ని చూపించి చెప్పేవారు: "ఈ ధార చూసుకుంటా ఉండండి. ఇది పడుతున్నంతసేపూ భయం లేదు. ఆగిందా, ఇంజను ఆపెయ్యి. బురద అడ్డం పడ్డట్టే."

మా ఇంట్లో గొడవ మాత్రం పిన్ను దగ్గర మొదలైంది. నీళ్ళని వెనక్కి తోసే పంకాని ఇరుసుకి పట్టి ఉంచేది చిటికెన వేలంత కూడా లేని ఇత్తడి పిన్ను. పంకా ఏ రాయికో, నీళ్ళలో మునిగిన మోడుకో తగిలితే పిన్ను విరిగిపోతుంది, లోపలి గేరు బతుకుతుంది. వేసవిలో సాగర్‌లో నీళ్ళు తగ్గి రాళ్ళు పైకి తేలే రోజుల్లో మా ఆయనకి వారానికో పిన్ను విరిగేది. విసుగొచ్చి ఒకరోజు ఇనప మేకు కోసి దూర్చేశారు. అది విరగలేదు. నెలన్నర పాటు, "చూశావా, మీ బాబాయికి తెలీని వైద్యం" అని నా దగ్గర గొప్పలు పోయారు.

ఆ తర్వాత ఒకరోజు పంకా రాయికి కొట్టుకుంది. మేకు నిక్షేపంగా ఉంది. గేరు పళ్ళు ఊడిపోయాయి. గాలికి కొట్టుకుపోతున్న పడవని బాబాయే ఇంకో పడవలో వెళ్ళి లాక్కొచ్చారు. రేవులో పంకా ఊడదీసి, ఆ మేకుని నలుగురికీ ఎత్తి చూపించారు.

"విరగాల్సింది విరగాలయ్యా! దాన్ని విరగనీకుండా చేస్తే ఇంకేదో విరుగుద్ది. ఇంగితం లేదా నీకు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా ఆయన తల దించుకుని ఇంటికొచ్చారు. ఆ రోజు నుంచి రెండేళ్ళు బాబాయితో మాట్లాడలేదు.

అలాగని ఇంజన్లు చెడకుండా ఉంటాయా? మా ఆయన ఇంజను మోసుకెళ్ళి షెడ్డు ముందు దించి, పది అడుగుల దూరంలో వేపచెట్టు కింద నిలబడేవారు. మాట్లాడాల్సింది నేను.

"మీ ఆయన్ని అడుగమ్మా, పొగ తెల్లగా వస్తందా, నల్లగానా?"

నేను అటు తిరిగేలోపే మా ఆయన చెట్టుకి చెప్పినట్టు, "తెల్లగా" అనేవారు.

"తెల్లగానంట బాబాయ్."

"వినపడిందిలే. నాకు చెవుడేం రాలా."

నాకు నవ్వొచ్చేది, బాధా అనిపించేది. ఆ రెండేళ్ళలో ఒక్కసారి కూడా బాబాయి నోట అల్లుడూ అన్న పిలుపు వినలేదు. పొరపాటు పడకుండా చెప్పడం కోసం ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, ఏమైంది, బాబాయి ఏమడిగారు, ఏం చేస్తే తగ్గింది అని నాలుగు గళ్ళు గీశాను. పంకా వెనక వల దారం చుట్టుకుని లోపలికి నీళ్ళు రాకుండా ఆపే సీలుని కోసేసిన రోజు, గేరు ఆయిలు నీళ్ళు కలిసి పాలు కలిపిన టీ రంగులో వచ్చిందని రాసుకున్నాను. బాబాయి కళ్ళజోడు పైకి జరిపి అది చదివి, "ఇట్టా రాసేవాళ్ళు నాకు సర్వీసులో ఒక్కడూ దొరకలేదు అమ్మాయ్" అన్నారు. పెళ్ళయ్యాక నన్ను ఒక పనికి మెచ్చుకున్న మొదటి మనిషి ఆయన.

పోయినేడు ఆయన ఆరోగ్యం పాడై, మాచర్లలో కూతురి దగ్గరికి వెళ్ళారు. షెడ్డు మూతపడింది. "ఒకసారి చూసొద్దాం" అని ఎన్నిసార్లు అన్నా, "వెళ్దాంలే" అనేవారు మా ఆయన.

ఒక మధ్యాహ్నం నీళ్ళ మీద నుంచి ఆయన ఫోను. ఇంజను ఐదు నిమిషాలు నడుస్తుంది, ఆగుతుంది. కాసేపు ఆగితే మళ్ళీ అంటుకుంటుంది, మళ్ళీ ఆగుతుంది. గాలి లేచింది, పడవ రాళ్ళ గట్టు వైపు పోతోంది. నోటుబుక్కు ముందేసుకుని వరసగా అడిగాను. ప్లగ్గు బాగుంది. పెట్రోల్లో నీళ్ళు లేవు. ధార పడుతోంది. నోటుబుక్కులో అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. "బాబాయికి చెయ్యండి" అన్నాను. "నేను చెయ్యను. నువ్వే అడుగు" అన్నారు, అంత గాలిలో కూడా.

రెండో ఫోను తీసి బాబాయికి కలిపాను. గొంతు బాగా సన్నబడిపోయింది. నేను చెప్పేది సగం విని, "నీ నోటితో కాదమ్మా, ఇంజన్నే వినిపించు" అన్నారు. రెండు ఫోన్లకీ స్పీకరు పెట్టి, వంటింటి గట్టు మీద ఒకదాని నోటికి ఒకటి ఆనించి పట్టుకున్నాను. ఇంజను అంటుకుంది. కాసేపు నడిచి, శబ్దం సన్నబడి ఆగిపోయింది.

"అల్లుడూ," అన్నారు బాబాయి.

అవతల గాలి శబ్దంలోంచి, "ఆ, మామా."

"పెట్రోలు గొట్టం మధ్యలో రబ్బరు బుడగ ఎట్టుందో చూడు."

"చప్పబడి అతుక్కుపోయింది."

"డబ్బా మూత మీద గాలి మర చూడు. బిగించి ఉంటది. వదులు చెయ్యి. లోపలికి గాలి పోకపోతే పెట్రోలు ఎట్టా వచ్చుద్ది?"

ఆ మర బిగించింది నేనే. ఇల్లంతా పెట్రోలు వాసనొస్తోందని, పప్పుల డబ్బాలతో పాటు పెట్రోలు డబ్బా మూతా, ఆ మూత మీది మరా పొద్దున గట్టిగా తిప్పేశాను.

"ఎవరు బిగించారు మామా దీన్ని?"

బాబాయి నా ఊపిరి విన్నారో ఏమో. "అదురుకి దానంతట అదే బిగుసుకుంటదిలే. నువ్వు రా నెమ్మదిగా" అన్నారు.

మర అదురుకి వదులవుతుంది కానీ బిగుసుకోదు. నాకు తెలుసు. ఆ రోజు తేదీ ఎదురుగా ఏమైందన్న గడి నోటుబుక్కులో ఖాళీగా వదిలేశాను.

ఆ ఆదివారం ఇద్దరం మాచర్ల వెళ్ళాం. మా ఆయన బాబాయి మంచం పక్కన కూర్చుని క్షమించమనలేదు, ఆయనా ఎదురుచూడలేదు.

"పిన్నులున్నాయా?"

"ఉన్నాయి మామా. ఇత్తడివే."

అంతే. వచ్చేటప్పుడు బాబాయి నన్ను దగ్గరికి పిలిచి, "మూతలు వంటింట్లోవే బిగించుకో అమ్మాయ్" అని మెల్లగా నవ్వారు. ఆయన నవ్వు చూడటం అదే ఆఖరు.

అస్థికలు మా పడవలోనే తీసుకెళ్ళాం. బాబాయి కూతురు, ఆమె భర్త, మేమిద్దరం. నీళ్ళంటే భయమున్నా ఎక్కాను. నడి నీళ్ళలో మా ఆయన ఇంజను ఆపారు. కూతురు మట్టి పాత్ర వదిలింది.

తిరిగి బయల్దేరే ముందు మా ఆయన తాడు మీద చెయ్యి వేసి, ఆగి, వంగి డబ్బా మూత మీది మరని రెండు వేళ్ళతో తడిమారు. నా వైపు చూడకుండానే, "వదులుగానే ఉందిలే. ఈసారి నువ్వు బిగించలా" అన్నారు.

ఆయనకి మొదటి నుంచీ తెలుసన్నమాట.

నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఇంజను అంటుకుంది. పక్కనుంచి సన్నటి నీళ్ళ ధార బయటికి దూకి, కాసేపటి కిందట బాబాయి కలిసిన నీళ్ళలోనే పడుతూ ఉంది. రేవు వచ్చేదాకా మా ఇద్దరం దాన్నే చూసుకుంటూ కూర్చున్నాం.