నాన్నకి నేను వేయించిన చీతా వేషం

మా చిన్నప్పుడు... అమ్మవారి సంబరం రోజు పొద్దున్నే మా నాన్న ఒళ్లంతా పసుపు రంగు పూయించుకుని, రెండు చేతులూ చాపి వాకిట్లో నిలబడేవాడు. రంగు ఆరేదాకా కూర్చోకూడదు. మిగతా రోజుల్లో సముద్రం మీద వేటకెళ్లే మనిషి... ఆ ఒక్కరోజూ ఊరికి పులి. అమ్మవారి ఘటాల ముందు మొదటి ఆట ఎప్పుడూ ఆయనదే.

అప్పుడు నేను ఏడో క్లాసు. ఇంట్లో కొత్తగా డిష్ పెట్టించారు. అడవి జంతువుల చానల్ తప్ప ఇంకోటి పెట్టనిచ్చేదాన్ని కాదు. చిరుతకీ చీతాకీ తేడా తెలియనివాళ్లంటే నాకు మహా చులకన! చిరుత మచ్చలు పువ్వుల్లా, మధ్యలో ఖాళీగా ఉంటాయి. చీతావి నిండు చుక్కలు. సన్నటి నడుం, చిన్న తల... అన్నిటికంటే ముఖ్యం, కళ్ల దగ్గర్నుంచి నోటిదాకా దిగే రెండు నల్ల చారలు.

ఆ ఏడు నాన్నని పట్టుకుని వేలాడాను. "పులి అందరూ ఏస్తారు నాన్నా... నువ్వు చీతా ఎయ్యి."

రంగులేసే తాత బ్రష్ పక్కన పెట్టేశాడు. "ఇదేటి జంతువురా? ఒంటి మీద సారలు లేకపోతే పులంటే ఎవుడు నమ్ముతాడు?"

"గుంట సదువుకుంటన్నాది మావా. అది సెప్పినట్టే ఎయ్యి" అన్నాడు నాన్న.

ఒక్కో చుక్కా ఎక్కడ పెట్టాలో పక్కన నిలబడి నేనే చూపించాను. కళ్ల కింద చారలైతే నా చేత్తోనే గీశాను.

డప్పు మోగింది. నాన్న ఒక్క గెంతు గెంతాడు... గుంపులోంచి ఎవరో అరిచారు. "ఒరే, పులి ఏడుస్తన్నాదిరా!"

ఇక నవ్వులే నవ్వులు. ఊరిపెద్ద గబగబా వచ్చి, "అమ్మోరి ముందు ఏడుపు మొకమేటిరా? ఎనక్కి పో" అని నాన్నని అందరికంటే చివరికి పంపేశాడు.

అది ఏడుపు కాదు, ఎండ కళ్లలో కొట్టకుండా ఆ జంతువుకి ఉండే చారలని చెప్పాలి. అంత గుంపులో అది తెలిసింది నాకొక్కదానికే. చెప్పకుండా జనం వెనక్కి తప్పుకున్నాను. చెప్పినా ఆ డప్పుల్లో ఎవరు వింటారు?

నాన్న సాయంత్రం దాకా వెనకే ఆడాడు. ఇంటికొచ్చి కిరసనాయిలు గుడ్డతో ఒళ్లు తుడుచుకుంటూ, "రంగు బాగా కుదిరిందే" అన్నాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఏడ్చేసి ఊరుకునేదాన్ని. మరుసటి ఏడు మొదటి ఆట ఇంకొకరికి ఇచ్చారు. నాన్న అడగలేదు. మళ్లీ వేషమూ కట్టలేదు.

ఇప్పుడు సంబరంలో పిల్లలు కొనుక్కొచ్చిన పులి డ్రెస్సులు తొడుక్కుని ఆడుతున్నారు. రంగు ఆరేదాకా నిలబడే ఓపిక ఎవరికుంది... ఫోన్‌లో బొమ్మ చూపిస్తే ఏది చీతానో, ఏది చిరుతో పసివాళ్లు కూడా చెప్పేస్తున్నారు.

మీ మాట నమ్మి, నలుగురిలో నవ్వులపాలై, మిమ్మల్ని ఒక్క మాటా అనని మనిషి మీ ఇంట్లోనూ ఉన్నారా? ఉంటే వాళ్లకి మీరేం చెప్పారో రాయండి... "తప్పయిపోయింది నాన్నా" అని నేను ఇప్పటికీ అనలేకపోయాను.