జోకర్ల మీద చేపనూనె

మా నాన్నను దొంగ అన్నది ఆయన సొంత తమ్ముడే. ఇందుకూరుపేట దగ్గర మా రొయ్యల చెరువుల పక్కన ఒక షెడ్డు ఉంది. మధ్యాహ్నం మేత వేశాక నాన్న, చిన్నాయన, పక్క చెరువులవాళ్ళు ఇద్దరు అక్కడ రమ్మీ ఆడేవారు. ఓడినవాడు ఆ పూట అందరి చెరువుల్లోనూ చెక్ ట్రేలు పైకి లాగి, మేత ఎంత మిగిలిందో చూసి రావాలి. పందెం అంతే. ఒకరోజు ఎవరో జోకర్ వెనక నూనె మచ్చ చూశారు.

"మేతకు చేపనూనె పట్టించేది అన్నే గదా," అన్నాడు చిన్నాయన.

మరునాటి నుంచి నాన్న షెడ్డు గడప తొక్కలేదు. ఎండలో గట్టు మీద కూర్చుని అన్నం తినేవాడు.

నేను ముత్తుకూరు వైపు ఒక ప్లాంటులో మీటర్లు సరిచూసే పని చేస్తాను. నెల్లూరులో పాత పుస్తకాల దుకాణంలో గారడీల మీద, పేకాట మోసాల మీద ఒక పుస్తకం దొరికింది. ముక్కలకు గుర్తులు పెట్టే అధ్యాయం నాలుగుసార్లు చదివాను. ఈలోగా షెడ్డుకు కొత్త పేకలు వచ్చాయి. ఒక సెలవురోజు వాటిని తిరగేసి నోట్సు రాసుకున్నాను. మచ్చలు జోకర్లకే ఉన్నాయి. చిటికెన వేలి గోరంత, ఎటు తిప్పినా కనిపించేలా రెండు ఎదురు మూలల్లో. ఈ పేకలను నాన్న ముట్టుకోనేలేదు.

తరువాత రెండు ఆదివారాలు ఆట చూస్తూ కూర్చున్నాను. కట్ట మీద మచ్చ కనపడితే, పనికొచ్చే ముక్క ఎదురుగా పడి ఉన్నా చిన్నాయన కట్టలోదే తీసేవాడు.

ఆ క్షణమే చెప్పేస్తే నవ్వి తప్పించుకునేవాడు. అందుకని జోకర్ల మచ్చలు పౌడరుతో తుడిచి, అచ్చం అలాంటివే ఇస్పేటు, కళావరు రెండ్లకు పెట్టాను.

మూడో ఆదివారం ఆయన కట్టలోంచి ముక్క తీసి, చూడకుండానే వరుసలో దోపి ఆట అయిందన్నాడు. పరిస్తే జోకర్ ఉండాల్సిన చోట కళావరు రెండు.

"ఇది జోకర్ గదా," అన్నాడు.

"చూడకముందే నీకెట్ట తెలిసింది సామీ?" అన్నాడు పక్క చెరువాయన.

నేను నోట్సు తీసి వరసగా చదివాను. వెళ్ళి నాన్నను పిలుచుకొచ్చాను. తప్పయిపోయిందన్నా అంటూ చిన్నాయన లేచి నిలబడ్డాడు. నాన్న అప్పుడే మెత్తబడ్డాడు, సరేలే కూర్చోమన్నాడు.

"తప్పంటే ఎట్ట చిన్నాయనా? దొంగ ఎవురో చెప్పు," అన్నాను.

"నేనే."

వినపడలేదన్నాను. మళ్ళీ చెప్పాడు. నాన్న నా చెయ్యి పట్టుకుని, ఇంక చాల్లేరా అన్నాడు. నాకు చాల్లేదు. మూడోసారి కూడా చెప్పించాను.