ఊరికి చెప్పకుండా వేసిన మందు

మా మామ మొన్న ఆదివారం కన్నుమూశారు. మార్కెట్లో కొట్లన్నీ ఎవరూ చెప్పకుండానే మూసుకున్నాయి. ఊరికి ఆయన మునిసిపల్ చైర్మన్. నాకు మా అమ్మ అన్న. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనే. అమ్మ ఎలా పోయిందో చెప్పకుండా ఆయన గురించి రాయడం నా వల్ల కాదు.

ఆయనకు తొందర ఎక్కువ. కౌన్సిల్ మీటింగులో మెంబర్లు కుర్చీలు తన్నుకుని అరుచుకుంటుంటే బొరుగులు తెప్పించి అందరి ముందూ పోయించేవారు. "నోట్లో బొరుగులు పడితే అరుపు తగ్గుతాదప్పా" అనేవారు. నిజంగానే తగ్గేది. ఆ సందులో తీర్మానం కానిచ్చేసేవారు. గడుసు మనిషి!

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం ఊళ్లో కలరా సోకింది. బావుల్లో మందు వేయాలి. వేస్తే నీళ్లు ఎర్రబడతాయి. వైస్ చైర్మన్ సాయిబు గారు, "ముందు దండోరా ఏయిద్దామప్పా, జనం బెదురుతారు" అన్నారట. "సావు దండోరా కోసం ఆగుతుందా సాయిబూ?" అని మామ తెల్లవారకముందే అన్ని బావుల్లోనూ మందు వేయించేశారు.

పొద్దున బిందెలతో వెళ్లిన ఆడవాళ్లు ఆ నీళ్లు చూసి కెవ్వుమన్నారు. ఎవరో విషం కలిపారని ఊరంతా పాకింది. అందరూ వాగులో చెలమల దగ్గరికి పరుగెత్తారు. మా అమ్మా పరుగెత్తింది. ఆ చెలమ నీళ్లలోని కలరాయే ఆమెను తీసుకుపోయింది. ఊరి మేలు కోసం అంత ఆత్రపడిన మనిషికి, పక్క వీధిలో ఉన్న సొంత చెల్లెలికి ఒక్క మాట చెప్పాలని తోచలేదు. ఏమనాలి చెప్పండి!

అమ్మ దహనమై, స్నానం చేశాక మామ ఇంటికి వెళ్లలేదు. అలాగే తడిబట్టలతో బావి దగ్గరికి వెళ్లి, చేదతో ఆ ఎర్రనీళ్లు తోడి అందరి ఎదుటా గటగటా తాగారు. ఆ వీధి నుంచి ఇంకో వీధికి. "ఇన్నాళ్లూ యాడ పండుకున్యావప్పా చైర్మనూ!" అని ఒక ముసలామె మొహం మీదే తిట్టింది. తలొంచుకుని విన్నారు. ఆ తర్వాతే జనం బావుల నీళ్లు తాగారు.

అప్పటి నుంచి వీధి కుళాయి ఒకటి జరపాలన్నా ఆ వీధి అరుగుల మీద కూర్చుని అందరితో తిట్లు తిని వచ్చేవారు. "ఊరికి చెప్పకుండా ఊరికి మేలు చేయగూడదు పాపా" అనేవారు నాతో. ఆ మాట వస్తే నేను లేచి లోపలికి వెళ్లిపోయేదాన్ని.

చివరి రోజుల్లో మంచం దిగలేకపోయారు. ఒక మధ్యాహ్నం నేను నీళ్లు పట్టుకెళితే గ్లాసు అందుకోకుండా అడిగారు.

"నేను పోయి చెప్పింటే మీయమ్మ తాగేదా పాపా?"

తాగేది. అన్న ఇస్తే మా అమ్మ ఏమిటని అడక్కుండా తాగేది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

"అమ్మ యాడ వింటాది మామా? మొండిది. నువ్వు చెప్పినా తాగేది కాదు" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. "అబద్ధం శానా బాగా చెప్తావు" అన్నారు. అని, నోరు తెరిచారు. నేను కొంచెం కొంచెంగా పోశాను. సగం లోపలికి పోయింది, సగం చెంప మీదుగా జారి దిండులో ఇంకిపోయింది.