ఆప్షన్ల ఆఖరి గురువారం

గురువారం ఉదయం తొమ్మిదీ పదికి మా కంప్యూటర్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. సాయంత్రం ఐదింటికి మా కోడలి బదిలీ ఆప్షన్లకు గడువు.

ఆమె ఇచ్ఛాపురం దగ్గర బడిలో టీచరు. పలాస నుంచి రోజూ రైల్లో పోయి వస్తుంది. అక్కడ ఏళ్లు నిండాయి కనుక ఈసారి కదలక తప్పదు. కావలసిన బళ్లను వరుసగా పెట్టి పంపకపోతే, అందరూ ఏరుకోగా మిగిలిన చోటికి వేస్తారు. ఇంటికి దగ్గరగా పడితే చాలని ఆమె ఆశ.

కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాం. వైఫై బాక్సు ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాం. ఎర్రదీపం పోలేదు. ఫోన్ నెట్ కలిపితే పేజీ సగం తెరుచుకుని తెల్లబోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే మరోసారి ఆపి వెయ్యమన్నారు. నెట్ సెంటరుకు బయల్దేరుతుంటే, వాళ్లే ఫోన్ చేసి మనిషి అరగంటలో వస్తాడన్నారు. ఆ అరగంట మూడింటి దాకా సాగింది.

వచ్చినతను వైరు వెంటే పెరటి వసారాలోకి నడిచి, ఆరేసిన చీర ముందు ఆగాడు.

మర్నాడు మా అత్తగారి ఆబ్దికం. వంటకు మా ఆయన అక్కగారు టెక్కలి నుంచి వచ్చారు. మడివంటకు కట్టే చీరను ముందురోజే తడిపి, ఎవరికీ అందనంత ఎత్తున కర్రతో ఆరేస్తారు. ఆవిడ తీసేదాకా ఇంట్లో ఎవరం ఆ ఛాయలకు పోము. అందుకే పొద్దుటి నుంచీ అన్నీ చూశాం కానీ, అటు చూడలేదు.

"అమ్మా, ఈ సీర తియ్యండి. వైరు సూడాల."

"ముట్టుకోకు నాయనా, మడి!" వదిన వంటింట్లోంచి కేకేసింది.

"నాను ముట్టుకోనేదండి. అదే నా వైరుని ముట్టుకుంది."

వదిన కర్రతో చీర దించింది. "దండెం మీద కాకులు వాలుతున్నాయి. ఇదైతే పైన, శుభ్రంగా ఉంది. వైరన్నాక చీర మొయ్యదేటి?"

"కరెంటు వైరు కాదు, పెద్దమ్మా. లోపల గాజుపోగు. తడి బరువుకి మేకు కాడ మడతడి ఇరిగిపోనాది. అతికే మిసను టెక్కలి ఎల్లింది. రేపే."

"టెక్కలిలో ఉందా? ముందే చెప్తే చంకన పెట్టుకొచ్చేదాన్ని కదయ్యా!"

కోడలు అప్పటికే చెప్పులు వేసుకుంది. ఆటోలో నేనూ వెళ్లాను.

నెట్ సెంటరు గుమ్మం దాకా టీచర్లే. ఆమె వంతు వచ్చేసరికి ఐదుకు పావుగంట తక్కువ. పొద్దున నెట్ పోకముందు పెట్టిన వరుస సేవ్ కాలేదు, మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. నేను ఆ ముప్పై రెండు బళ్ల పేర్లు చదువుతూ పోయాను, ఆమె నొక్కుతూ పోయింది. ఇరవయ్యో పేరు దగ్గర తెర మారింది.

"మూసీసారు మేడమ్" అన్నాడు సెంటరాయన, మా మొహాలు చూడకుండా.

ఇంటికి రాగానే వదిన గుమ్మంలోకి వచ్చి, "అయిందేటమ్మా?" అంది. కోడలు చెప్పులు విప్పి, "రేపటికి ఏ కూరలు తేవాలి?" అని అడిగింది. వదిన కూరల పేర్లు నెమ్మదిగా చెప్పింది.

తరువాతి వారం ఉత్తర్వు వచ్చింది. డొంకూరు. ఇచ్ఛాపురంలో రైలు దిగి, మళ్లీ ఆటోలో సముద్రం ఒడ్డు దాకా పోవాలి.

పోయినవి ఇవి: బారెడు వైరు, కోడలు కోరుకున్న ముప్పై రెండు బళ్లు, ఇక మీదట ప్రతి పనిరోజూ ఆమెవి ఇంకో రెండు గంటలు.