ఘటాల వీధిలో మా గొలుసు

ఇప్పటికీ ఎక్కడైనా పండగ డప్పులు వినబడితే నా కాళ్ళు వాటంతట అవే ఎడంగా జరిగి నిలదొక్కుకుంటాయి. మా ఆవిడ నవ్వుతుంది, "యూనిఫాం విప్పేసినా సిపాయి బుద్ధి పోలేదు" అంటుంది. నేనేం పూర్తి సిపాయిని కాదు లెండి. రాజాంలో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూ, ఏడాదిలో కొన్నాళ్ళు మాత్రం యూనిఫాం వేసుకునే రిజర్వు దళంలో ఇష్టపడి చేరినవాణ్ణి. యుద్ధం చూడలేదు. చూసిందల్లా వరదలు, తుఫాన్లు, పండగలకు తొక్కిసలాట కాకుండా చేసే బందోబస్తు. అయినా ఆ రోజులంటే నాకు ప్రాణం.

దళంలో నా పక్కన నిలబడేవాడు సాలూరు లారీ డ్రైవరు. మొదటిరోజే, "ఏటి బావా, సుద్దముక్క పట్టుకున్న సేతులతో తాడు లాగగలవేటి?" అని వరస కలిపేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రానికి ఒకే పళ్ళెంలో తింటున్నాం. అప్పట్నుంచీ వాడు నాకు బావ, వాళ్ళమ్మ నాకు అత్త.

ఒక ఏడు మమ్మల్ని బావ సొంత ఊళ్ళో అమ్మవారి పండగ బందోబస్తుకే వేశారు. ఆ పండక్కి ఆడవాళ్ళు పసుపు రాసిన ఘటాలు నెత్తిన పెట్టుకుని గుడికి నడుస్తారు. అత్త ఏటా మోసేది. కొడుకు ఘాట్ రోడ్ల మీద లారీ తోలినన్నాళ్ళూ మోస్తానని ఆవిడ మొక్కు. ఘటం నేల పాలైతే కొడుక్కి కీడు తప్పదని గట్టి నమ్మకం. మోసే మనిషిని సొంత ఇంటివాళ్ళు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. అత్తకున్న ఇంటి మనిషి బావ ఒక్కడే.

గుడికి వెళ్ళే వీధి చివర బాగా వాలుగా ఉంటుంది. వాలు పైన మేం అడ్డంగా నిలబడి, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని, జనానికి వీపులు ఆనించి గొలుసు కట్టాలి. ఘటం వచ్చినప్పుడు ఒకచోట చేతులు విడదీసి దారిచ్చి, అది కిందికి దిగగానే మళ్ళీ కలిపెయ్యాలి. అన్నీ గుడి చేరాకే జనాన్ని వదలాలి. ఘటానికి దారివ్వడానికి తప్ప ఏం జరిగినా చెయ్యి వదలొద్దని మా దళాన్ని నడిపే సుబేదారు పొద్దున్నుంచీ మా చెవుల్లో ఊదుతూనే ఉన్నాడు.

అంతా బాగానే ఉంది గానీ, ఘటాలు మోసేవాళ్ళ కాళ్ళ మీద పసుపు నీళ్ళు పొయ్యడం అక్కడి ఆచారం. యూనిఫాంలో ఉన్న మమ్మల్ని చూసి ఊరి ఆడవాళ్ళకు ముచ్చటేసింది. "దేశాన్ని కాసే బాబులు" అంటూ మా బూట్ల మీద కూడా బిందెలు బిందెలు గుమ్మరించేశారు. వద్దనాల్సిన సుబేదారే ముందుగా కాళ్ళు చాపాడు! మేమూ తక్కువ తిన్నామా? బాప్టిస్టు ఇంట పుట్టిన నేను కూడా చాతీ విరుచుకుని పోయించుకున్నాను. మా అమ్మ చూసి ఉంటే ఆ ఆదివారం చర్చిలో అందరిచేతా నా కోసం ప్రార్థన చేయించేది. ఆ నీళ్ళన్నీ వాలు మీదికి పారి మట్టి జిగటగా తయారైందని ఎవరికీ తట్టలేదు.

ఆఖరి ఘటం అత్తది. మమ్మల్ని దాటి నాలుగడుగులు వేసిందో లేదో, కాలు జర్రున జారింది. ఒక మోకాలు నేలకు కొట్టుకుంది. ఘటం ఒరిగింది. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి దాన్ని పట్టుకుంది గానీ, లేవలేకపోతోంది.

"ఓలమ్మో, ఘటం పడిపోతంది!" అని వెనక కేకలు లేచాయి. చూద్దామని జనమంతా ఒక్కసారి ముందుకు తోశారు. నా వీపు విరిగిపోతుందనుకున్నాను. బావ మణికట్టు నా చేతిలో గిలగిల్లాడింది. వాడు వదిలితే తల్లిని పట్టుకోగలడు. వాడు వదిలితే గొలుసు తెగి, జనమంతా పిల్లాపాపలతో ఆ వాలు మీద పడతారు.

"అమ్మా!" అని అరిచాడు.

అత్త తల తిప్పలేదు, నెత్తిన ఘటం ఉంది కదా. ముందుకు చూస్తూనే కేకేసింది. "ఒరే, సెయ్యి ఒగ్గేసినావంటే సంపేత్తాను!"

బావ బిగుసుకుపోయాడు. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నా నా మణికట్టు వదల్లేదు. అత్త ఒక కాలు కూడదీసుకుంది, ఊగింది, రెండోది కూడదీసుకుంది. లేచింది. గుడిదాకా అలాగే కుంటుకుంటూ వెళ్ళి ఘటం దింపింది. చాతీ విరిచిన మొనగాళ్ళం మేమంతా తలలు దించుకున్నాం.

డ్యూటీ అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాం. అత్త అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది. బావ ఆవిడ వాచిన మోకాలికి నూనె రాస్తున్నాడు. "నువ్వు పడిపోతంటే నిలబడి సూసినానే అమ్మా" అన్నాడు.

"నాను పడినాను, లెగిసినాను. ఆ జనం పడితే లెగుత్తారేటిరా?" అని కసిరింది.

అంత కసిరిన మనిషీ అంతలోనే వాడి తల ఒళ్ళోకి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"అమ్మ పడిపోతందని పేనం ఆగక సెయ్యి ఒగ్గెత్తావేమోనని ఎంత బయపడిపోనానురా, నాయినా."